పొట్టేలు అన్నిటికీ ఔనంది

ఆదివారం పొద్దు పొడుస్తుండగా త్రివేణి ఒక నేరం చేసింది.

దొడ్డి తడిక తీసి లోపలికి వెళ్లింది. మూల నిలబడ్డ దేవుడి పొట్టేలు కొమ్ము పట్టుకుంది. దాని రెండు చెవుల్లో రెండు ఉన్ని ముద్దలు కుక్కింది. చిటికెడంత ముద్దలు, బయటికి కనిపించవు. పొట్టేలు ఒకసారి ఆమె వంక చూసి మళ్లీ నెమరు వేసుకుంది.

త్రివేణి తడిక వేసి, అటూ ఇటూ చూసి, ఇంట్లోకి వచ్చి అద్దం ముందు జడ వేసుకోసాగింది. పదో తరగతి చదువుతున్న పిల్ల. ఈ ఊళ్లో గొర్రెల మంద ఉన్న పర్వతాలుకు ఒక్కతే కూతురు. ఇంతవరకూ పక్కింటి జామకాయ కూడా దొంగిలించి ఎరగదు. అలాంటిది ఇవాళ ఏకంగా బీరప్ప దేవుడి నోరే కట్టేసింది.

కట్టక తప్పలేదు. ఇంకో రెండు గంటల్లో ఆ పొట్టేలు ఆమె బతుకేమిటో తేల్చబోతోంది.

దేవరకద్ర దాటాక రైలు పట్టాల పక్కనే ఉంటుంది ఆ ఊరు. ఆ ఇంట్లో పెద్ద విషయం ఏదొచ్చినా బీరప్పను అడగకుండా తేల్చరు. దేవుడి పేరు మీద వదిలిన పొట్టేలు ఒకటి ఎప్పుడూ మందలో ఉంటుంది. దాన్ని గుడి ముందు నిలబెడతారు. పసుపు నీళ్లు తల మీద, వీపు మీద చల్లి ప్రశ్న అడుగుతారు. పొట్టేలు ఒళ్లు దులిపితే దేవుడు ఔనన్నట్టు. కదలకుండా నిలబడితే కాదన్నట్టు. చల్లిన తర్వాత ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. బోరు ఎక్కడ వేయాలో, ఎండాకాలం మందను ఏ దిక్కుకు తోలుకుపోవాలో అన్నీ అలా తేలినవే. పర్వతాలు పెళ్లి కూడా అలాగే ఖాయమైంది.

"నేనైతే గప్పుడు గుద్దితే దులుపుతదని ఎనక నిలబడ్డ. నేను గుద్దకముందే దులిపింది," అంటాడు పర్వతాలు భార్య వినేలా.

"నేను మా అమ్మగారి ఊర్ల ఉండి మొక్కుకున్న, దులపొద్దని," అంటుంది బిక్షమ్మ.

శనివారం సాయంత్రం దాకా ఇల్లు ఇలా సరదాగానే ఉంది. అప్పుడు వచ్చాడు నాగేందర్.

నాగేందర్ బిక్షమ్మ తమ్ముడు. పాలమూరు పట్నంలో ఒక ఇంటర్ కాలేజీకి పిల్లల్ని చేర్పించే పని చేస్తాడు. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, ఇంత ఎత్తు నవ్వు. పదో తరగతి పిల్లలున్న ఇళ్ల గడపలన్నీ పరీక్షలకు ముందే ఎక్కి దిగుతాడు.

"అక్కా, పిల్లను ఎంపీసీల ఏసెయ్. రేపటి లోపల సీటు ఖాయం చేయాలె. ఇంజనీరైతది," అన్నాడు మంచం మీద కూర్చోకముందే.

"ఇంజనీరెందుకు? ఎస్సై గావాలె," అన్నాడు పర్వతాలు. మందను రోడ్డు దాటించినప్పుడల్లా పోలీసులు అదిలించడం ఆయన మనసులో అలాగే ఉంది. "నా బిడ్డ జీపుల కూసోని పోతాంటే, నేను గొర్లను నడిరోడ్డు మీద నిలబెట్టి సలాం గొడ్త."

"టీచరైతే ఫ్యాను కింద కూసుంటది," అంది బిక్షమ్మ.

"మీ అందరివి పక్కకు వెట్టుండ్రి," అంది సైదమ్మ. పర్వతాలు తల్లి. ఆ ఇంట్లో ఆఖరి మాట ఆమెది. "దవాఖానల నర్సమ్మ గావాలె. తెల్లబట్ట గట్టుకోని నాకు సూదేయాలె."

మాటామాటా పెరిగింది. ఎంపీసీ అంటే జైలు అన్నాడు పర్వతాలు. పోలీసంటే ఎండ అన్నాడు నాగేందర్. పొయ్యి మీద కూర మాడింది. చివరికి సైదమ్మ చెయ్యెత్తింది.

"రేపు బీరప్పనడుగుదాం. ఒక్కొక్కటి అడుగుదాం. దేనికి దులిపితే గదే."

అందరూ ఒప్పుకున్నారు. త్రివేణిని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగినా ఆమె చెప్పగలిగేది కాదు.

ఎందుకంటే త్రివేణి రైలు నడపాలనుకుంటోంది.

రైలు పేరెత్తితే ఆ ఇంట్లో అన్నం సహించదు. త్రివేణి ఆరో తరగతిలో ఉండగా, గుట్ట పక్క మలుపు దగ్గర వాళ్ల మంద పట్టాలు దాటుతోంది. సగం దాటింది. మిగతా సగం మీదికి రైలు వచ్చేసింది. సైదమ్మ సీసాతో పాలు పట్టి పెంచుకున్న గౌరి అనే గొర్రె కూడా అందులో పోయింది. ఆ రోజు నుంచీ సైదమ్మ, రైలు కనిపించినప్పుడల్లా వంగి గుప్పెడు మన్ను తీసి దాని మీద విసురుతుంది. తర్వాత రెండో లైను పడింది. పైన కరెంటు తీగలు వచ్చాయి. రైళ్లు పెరిగాయి, సైదమ్మకు పని పెరిగింది. గాలి ఎదురుగా ఉన్న రోజు మన్నంతా ఆమె మీదే పడుతుంది. అయినా మానదు.

అలాంటి అవ్వ ముందు నిలబడి, "నేను దాన్ని నడుపుతనవ్వా," అని ఎలా అనడం?

అందుకే ఆ ఉన్ని ముద్దలు. గొర్రె ఒళ్లు దులిపేది చెవిలో నీటి చుక్క పడితేనే. చెవి మూసేస్తే దులపదు. దేనికీ దులపకపోతే దేవుడు నాలుగింటికీ కాదన్నట్టు. ఇంజనీరు కాదు, ఎస్సై కాదు, టీచరు కాదు, నర్సూ కాదు. ఆ తర్వాత ఏం చేయాలో త్రివేణి ఆలోచించలేదు. ముందు ఈ గండం గడవాలి.

పథకంలో లోపమేమీ కనిపించలేదు. కానీ ఆ ఉదయం దొడ్డి తడిక తీసింది తానొక్కతే కాదన్న సంగతి ఆమెకు తెలియదు.

ఎండ కాస్త ఎక్కేసరికి అందరూ గుడి దగ్గరికి చేరారు. గుడి అంటే పెద్దదేం కాదు. ఒక చిన్న గది, ముందు రాళ్లు పరిచిన జాగా. పూజ చేసేది బాలయ్య. సైదమ్మకు మరిది, త్రివేణికి చిన్నతాత. గొంగడి భుజాన వేసుకుని, పొట్టేలును తెచ్చి రాళ్ల మధ్య నిలబెట్టాడు. దాని కొమ్ములు ఎర్రగా మెరుస్తున్నాయి. నిన్న సాయంత్రం బిక్షమ్మ ఎర్రజాజు మట్టిని నూనెలో కలిపి పూసింది.

పొట్టేలు వచ్చినప్పటి నుంచీ ఏదో అసహనంగా ఉంది. తోక ఆడిస్తోంది. త్రివేణికి అనుమానం వచ్చింది. కానీ అప్పటికే సైదమ్మ చెంబు ఎత్తింది.

"బీరప్పా! పిల్ల ఎంపీసీ చదివి ఇంజనీరు గావాల్నా?"

నీళ్లు చల్లింది.

పొట్టేలు ముక్కు మొదలు తోక దాకా ఒళ్లు దులిపింది. పసుపు నీళ్లు చుట్టూ ఉన్నవాళ్ల ముఖాల మీద పడ్డాయి.

త్రివేణి దాని చెవుల వంక చూసింది.

"అయిపాయె!" నాగేందర్ గాల్లోకి ఎగిరాడు. "దేవుడు ఇంగ్లీషుల చెప్పిండు! నేను ఫోను చేస్తున్న కాలేజీకి."

"ఆగు బామ్మర్ది, జర ఆగు," అన్నాడు పర్వతాలు. "అన్ని అడుగుదమనే గద మాట. నాది ఉన్నది ఇంక."

"ఒకసారి దులిపినంక మళ్ల అడుగుతరా బావా?"

"అడుగుతం. పోలీసుల సంగతి అడగనీకి భయమైతాందా?"

సైదమ్మ మళ్లీ చెంబు ఎత్తింది. "బీరప్పా! పిల్ల ఎస్సై గావాల్నా?"

పొట్టేలు దులిపింది. ముందటికంటే గట్టిగా.

"చూసినవా!" అన్నాడు పర్వతాలు మీసం దువ్వుతూ.

"టీచరు?" అంది బిక్షమ్మ తొందరగా.

దులిపింది.

"దవాఖా—" అంది సైదమ్మ. మాట పూర్తి కాకముందే, నీళ్లు పడకముందే పొట్టేలు దులిపేసింది.

అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. బాలయ్య గొంగడి సర్దుకుని ముందుకొచ్చాడు.

"బీరప్పా, ముసలోన్ని అడుగుతున్న. నాకు మళ్ల పెండ్లయితదా?"

దులిపింది.

"ఓ వదినె, పిల్లను చూడుండ్రి నాకు!"

బిక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పర్వతాలు పడి పడి నవ్వాడు. సైదమ్మ ఒక్కతే నవ్వలేదు. ఆమె పొట్టేలు వంకే చూస్తోంది. నిదానంగా, ఒక్కో మాట తూచినట్టు అడిగింది:

"బీరప్పా. పిల్లను అస్సలు చదివియ్యనే వద్దా? రేపే బడి బంద్ చేయించాల్నా?"

నవ్వులు ఆగిపోయాయి.

పొట్టేలు దులిపింది. ఒకసారి కాదు, వరసగా రెండుసార్లు.

"గీ మాట బీరప్పది గాదు," అంది సైదమ్మ. "బాలయ్యా, దాని చెవులు చూడు."

బాలయ్య పొట్టేలు తల ఒడిలోకి తీసుకుని కుడి చెవిలో వేలు పెట్టాడు. ముందు ముళ్లున్న గడ్డికంకి ఒకటి వచ్చింది. దాని వెనక ఉన్ని ముద్ద. ఎడమ చెవిలో వేలు పెడితే కొబ్బరినూనె కారింది. నూనెలో నానిన ఇంకో ఉన్ని ముద్ద. అంతటితో ఆగలేదు. తోక మొదట్లో తడిమి చూస్తే దారం బిగించి కట్టి ఉంది.

"పాపం, దులపకేం చేస్తది," అన్నాడు బాలయ్య. "దీన్ని పొట్టేలనుకున్నరా, సంచి అనుకున్నరా?"

సైదమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది.

"కొమ్ము వట్టుకోంది దాని చెవి దొరకదు. కొమ్ముకు జాజున్నది. నూనె జాజు, కడిగితే పోదు. అందరు చేతులు సాపుండ్రి."

ఎవరూ చాపలేదు. నాగేందర్ చేయి ప్యాంటు జేబులోకి పోయింది. పర్వతాలు చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"అత్తమ్మా, నాకు పాలమూరుల పనున్నది, మళ్లొస్త..."

"అల్లుడా, నిలబడు."

నాగేందర్ నిలబడ్డాడు. జేబులోంచి చేయి బయటికి వచ్చింది. అరచేయి ఎర్రగా ఉంది. తెల్ల చొక్కా అంచుకు కూడా ఎర్ర మరక.

"గడ్డికంకి నాదే," అన్నాడు నీరసంగా. "పెట్టేటప్పుడు లోపల మెత్తగ ఏందో తగిలింది అత్తమ్మా. దేవుని మహిమ అనుకున్న."

పర్వతాలు చేయి ఎరుపు. దారం ఆయనది. "తోక కాడ కడ్దామని పోయిన, కొమ్ము వట్టకపోతే నిలవడ్తదా మరి," అన్నాడు. బిక్షమ్మ చేతులు ఎటూ ఎరుపే, జాజు పూసిందే ఆమె. అయినా ఆమె నూనె సంగతి తనే ఒప్పుకుంది. "ఒక్క చుక్కే పోసిన. మంచి నూనెనే."

"బామ్మర్దికి బుద్ధి లేదంటే, పెండ్లానికి గూడ లేకపాయె," అన్నాడు పర్వతాలు.

"దారం గట్టినోడు మాట్లాడుతుండు," అంది బిక్షమ్మ.

బాలయ్య గొంతు సవరించుకున్నాడు. "వదినె, అందరియి అయినయి. నీ చెయ్యి గూడ జూపెట్టు."

"నాదెందుకు?"

"నువ్వు 'దవాఖా' అనంగనే దులిపింది. నీళ్లు గూడ పడలేదు. గదెట్ల?"

సైదమ్మ కాసేపు ఆకాశంలోకి చూసింది. తర్వాత చేయి చాపింది. అది కూడా ఎరుపే.

"నాలుగొద్దులాయె," అంది. "పొద్దుమాపు దొడ్లెకు పోయి, దవాఖాన అనుడు, చెవిల ఊదుడు. దవాఖాన అనుడు, ఊదుడు."

"ట్రైనింగు ఇచ్చినవా వదినె!" బాలయ్య రాళ్ల మీద కూలబడి నవ్వాడు. "నాగేందరు రాకముందు నుంచే! నువ్వు నర్సమ్మవు గాదు, నువ్వే ఎస్సైవి!"

ఈసారి అందరూ నవ్వారు. నాగేందర్ కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. త్రివేణి కూడా నవ్వింది. ఆ నవ్వుల్లో ఎవరికీ గుర్తుకు రాకుండా తప్పించుకోవచ్చు అనుకుంది. మెల్లగా ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు.

"ఉన్ని ఎవరిది?" అంది సైదమ్మ.

అడుగు ఆగింది.

సైదమ్మ ఆ ముద్దల్ని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. "గడ్డి వెట్టింది దులపాలెనని. నూనె పోసింది దులపాలెనని. దారం గట్టింది గందుకే. నేనూదింది గూడ గందుకే. ఉన్ని ఎందుకు వెడ్తరు? చెవిల నీళ్లు పడొద్దని. అంటే, దులపొద్దని. ఒకటి గాదు, నాలుగింటికి నాలుగు వద్దని." ఆమె తలెత్తింది. "త్రివేణీ. చేతులు."

త్రివేణి చేతులు చాపింది. కుడి అరచేయి ఎర్రగా ఉంది.

ఎవరూ నవ్వలేదు.

"ఇంజనీరొద్దు, పోలీసొద్దు, టీచరొద్దు, దవాఖాన వద్దు. మరి నీ మనసుల ఏమున్నది బిడ్డా?"

దూరంగా మందలోంచి ఒక గొర్రెపిల్ల అరిచింది. త్రివేణి పొట్టేలు వంక చూసింది. ఇంతకంటే పొట్టేలే నయం, ఒళ్లు దులిపితే సరిపోతుంది. తాను మాట్లాడాలి.

"రైలు నడుపుత," అంది.

"ఏంది?"

"రైలు. ఇంజన్ల కూసోని నడుపుత అవ్వా. పాలిటెక్నిక్ చదివి పరీక్ష రాస్త."

బిక్షమ్మ నుదురు కొట్టుకుంది. పర్వతాలు తల్లి వంక చూసి వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. నాగేందర్ మాత్రం అలవాటు కొద్దీ, "ఎంపీసీ చేసి గూడ..." అని మొదలుపెట్టి, అక్క చూసిన చూపుకు ఆపేశాడు.

సైదమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. అదే భయంగా ఉంది.

"ఎందుకు?"

త్రివేణి చాలాసార్లు మనసులో చెప్పుకున్న జవాబులేవీ ఇప్పుడు అందలేదు. తోచింది చెప్పింది. "మందల ముందు ఒక్కరు నడిస్తే ఎనక అన్ని వస్తయి గద అవ్వా. రైలు గూడ గంతే. ముందు ఒక్కరు, ఎనక ఊర్లకు ఊర్లు. గది చూస్తే నాకు... ఇంజను పోతాంటే నేను గూడ పోవాలె అనిపిస్తది. గంతే."

"గౌరి యాదికున్నదా నీకు?"

"ఉన్నది."

"గట్లనైతే చెప్పు. నువ్వు నడుపుతాన్నవు. మలుపు తిరిగినవు. ముందట గొర్లున్నయి. ఆపుతవా?"

సైదమ్మ వెనక నిలబడి బిక్షమ్మ కళ్లు పెద్దవి చేసి తల ఊపుతోంది. ఆపుతనని చెప్పవే, అని పెదవులు కదిలాయి. పర్వతాలు కూడా తల ఊపాడు. నాగేందర్ ఊపాడు. ఒక్క మాట చాలు.

"ఆపలేనవ్వా," అంది త్రివేణి.

బిక్షమ్మ తల ఊపడం ఆగిపోయింది.

"బ్రేకు ఏస్త. కూత వెడ్త. గని ఆగదు. మా సైన్సు సారును అడిగిన. గంత బరువు గంత జోరు మీదుంటే ఏసిన కాడ ఆగదన్నడు. గా రోజు రైలు నడిపినాయన గూడ కూత వెట్టిండు అవ్వా. వెడ్తనే ఉన్నడు. కిటికీల కెల్లి తల బయటికి వెట్టి చెయ్యి ఊపుతుండు. మీరంత తిడ్తున్నరు, నేను గాయన మొఖం చూసిన. గాయన ఏడుస్తున్నట్టే ఉన్నడు."

సైదమ్మ చెంబు తీసుకుంది. మిగిలిన పసుపు నీళ్లు గుడి గడప మీద పోసింది. ఎవరి వంకా చూడకుండా ఇంటి దారి పట్టింది.

ఇంటికి చేరాక నాగేందర్ భోజనం కూడా చేయకుండా పోదామనుకున్నాడు గాని, బిక్షమ్మ కోడికూర వండటంతో మనసు మార్చుకున్నాడు. తింటూ తింటూ మేనకోడలితో మెల్లగా అన్నాడు:

"కరెంటు గానీ, మెకానికల్ గానీ తీస్కోవాలె పాలిటెక్నిక్‌ల. పాలిసెట్ పరీక్ష రాయాలె ముందుగాల. కండ్లు మంచిగుండాలె, గది మస్తు గట్టిగ చూస్తరట."

"మా పిల్ల గుట్ట మీది నక్కను గీడి నుంచి చూస్తది," అన్నాడు పర్వతాలు.

"నీకు సీటు పోయింది గద మామా," అంది త్రివేణి.

"పోతే పోయింది తీయ్. ఇంకో ఇల్లు ఎక్కుత. ఇంట్ల పొట్టేలు లేనోల్లను చూస్కోని ఎక్కుత."

సాయంత్రం సైదమ్మ నోరు తెరిచింది. "రేపు నేను, పిల్ల పాలమూరు పోతున్నం. రైలు స్టేషనుకు."

పర్వతాలు గతుక్కుమన్నాడు. భార్యను పక్కకు పిలిచాడు. "ఎందుకు పోతున్నట్టు? సంచిల మన్ను గిట్ల తీస్కపోతుందేమో చూడు. స్టేషన్ల పోస్తే పట్కపోతరు."

బిక్షమ్మ సంచి వెతికింది. వేయించిన పల్లీలు, నీళ్ల సీసా, కళ్లద్దాలు. ఇంకేమీ లేవు.

సోమవారం అవ్వా మనవరాలూ బస్సెక్కారు. త్రివేణి కిటికీ వైపు కూర్చుని వంద రకాలుగా ఊహించింది. అవ్వ స్టేషన్లో గొడవ పెడుతుందా? నువ్వు నడపాలనుకున్నది ఇదే, చూడు, అని అందరి ముందూ తిడుతుందా? లేక అక్కడి నుంచి అటే దవాఖానకు తీసుకుపోయి నర్సులను చూపిస్తుందా?

పాలమూరు స్టేషన్లో ఒక గూడ్సు బండి సిగ్నల్ కోసం పక్క లైనులో ఆగి ఉంది. సైదమ్మ ప్లాట్‌ఫాం పొడవునా, ఎక్కడా ఆగకుండా, నేరుగా ఇంజను దాకా నడిచింది. ఇంజను పక్కన ఒక పెద్దాయన నిలబడి టీ తాగుతున్నాడు. నెరిసిన జుట్టు, చొక్కా జేబు మీద డానియల్ అని పేరు.

"నువ్వేనా గీ బండి నడిపేది?"

"అవునమ్మా."

"గొర్లను గుద్దినవా ఎప్పుడన్న?"

త్రివేణి కళ్లు మూసుకుంది. డానియల్ టీ గ్లాసు నోటి దాకా తీసుకుపోయి ఆపాడు. ముందు ముసలమ్మను, తర్వాత ఆమె భుజం మీది గొంగడిని చూశాడు. అబద్ధం చెప్పే అవసరం ఆయనకు లేదు.

"గుద్దిననమ్మా. గొర్లను, బర్లను. ఇన్నేండ్ల నౌకరీల తప్పలేదు."

"గా దినం అన్నం తిన్నవా?"

"తినలేదు. ఇంటికి పోయి పండుకున్న. మా ఇంటామె అడిగితే తలనొప్పి అని చెప్పిన."

సైదమ్మ తల ఊపింది. సంచిలో చేయి పెట్టి గుప్పెడు పల్లీలు తీసి ఆయన చేతిలో పోసింది. ఆయన తీసుకున్నాడు.

"ఇది నా మనుమరాలు. గీ బండి నడుపుతదట. ఆడిపిల్లలున్నరా మీల?"

"ఉన్నరమ్మా. మా దాంట్లనే ఉన్నరు. మంచిగ నడుపుతరు."

"మరి దొడ్డికొస్తే ఎట్ల పోతరు?"

"అవ్వా!" అంది త్రివేణి.

"నువ్వూకో."

డానియల్ నవ్వాడు. కానీ వేళాకోళంగా కాదు. "అడగాల్సిందే అడిగినవు తల్లీ. కొన్ని కొత్త ఇంజన్లల్ల ఏర్పాటు చేస్తున్నరు. లేని కాడ కష్టమే. స్టేషను వచ్చేదాక ఓపిక వట్టాలె. నిద్రకు టైముండదు. పండుగకు ఇంట్ల ఉంటమో లేమో తెల్వదు. ఊకె కూసునే నౌకరి అనుకుంటరు, గట్ల గాదు." ఆయన త్రివేణి వైపు తిరిగాడు. "అన్ని తెలిసే వస్తున్నవా?"

"ఇప్పుడే తెలిసింది," అంది త్రివేణి. "అయినా వస్త."

"మేం నెలలకు నెలలు మంద ఎంబడి చేన్లల్ల పండుకునేటోల్లం," అంది సైదమ్మ. "నిద్రకు టైము మాకెన్నడున్నది? ఒక్కసారి దాన్ని లోపలికి ఎక్కియ్యి, చూస్తది."

"ఎక్కియ్యనమ్మా."

"పల్లీలు తిన్నవు గద!"

"తిన్న. అయినా ఎక్కియ్య. బయటోల్లను ఎక్కిస్తే నా నౌకరి పోతది. నౌకరి తెచ్చుకోని ఎక్కమను. గప్పుడు నేనే చెయ్యి ఇస్త."

సైదమ్మ ఆయన్ని పైకీ కిందికీ చూసింది. మనవరాలి వైపు తిరిగి, "మనిషి ఖరాగున్నడు, ముఖం మీదనే చెప్తడు," అంది.

సిగ్నల్ మారింది. డానియల్ గ్లాసు బల్ల మీద పెట్టి, పల్లీ పొట్టు దులుపుకుని ఇంజను ఎక్కాడు. కూత వేసే ముందు కిటికీలోంచి వంగి, ముసలమ్మకు చెవులు మూసుకోమని సైగ చేశాడు. ఆమె మూసుకుంది. త్రివేణి మూసుకోలేదు. బండి కదిలింది. ముందు ఇంజను, వెనక డబ్బా తర్వాత డబ్బా, తెగని బారు. సైదమ్మ చివరి డబ్బా దాకా చూసింది. ఇంత దగ్గరగా, ఇంతసేపు ఆమె రైలును చూడటం అదే మొదటిసారి.

"నిన్న నువ్వు ఆపుత అని చెప్పింటే ఏం జేద్దునో ఎర్కేనా?" అంది.

"ఏం జేద్దువు?"

"బడి కెల్లి సీదా దవాఖానకే పంపుదును. అబద్ధం చెప్పేటోల్ల చేతికి గంత పెద్ద బండి ఇస్తరా ఎవరన్న?" బెంచీ వెతుక్కుని కూర్చుంది. కాళ్లు చాపుకుంది. "నడుపు. గని గీ సంగతి బాలయ్యకు నేను చెప్త. నువ్వు చెప్పకు. వాడు నవ్వుతడు."

త్రివేణి అవ్వ పక్కన కూర్చుంది. నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. అవ్వ చేయి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఇద్దరి అరచేతుల్లోనూ జాజు ఇంకా పోలేదు.

"మన బస్సు ఎప్పుడున్నది?"

"ఇంకో గంటకవ్వా."

"మరి గంట సేపు ఏం జేస్తవు? పుస్తకం తీయ్, చదువు."

"పుస్తకం తేలేదు."

"తేలేదా?" సైదమ్మ నిటారుగా కూర్చుంది. "నెల దినాలల్ల పరీక్ష వెట్టుకోని, పుస్తకం లేక బయలెల్లినవా? ఏమాయె నీ రైలు? లే, లే. బజార్ల పుస్తకాల దుకాణం ఏడున్నదో అడుగుదాం."

త్రివేణి లేచింది. సైదమ్మ అప్పటికే సంచి భుజాన వేసుకుని, ఎదురొచ్చిన మొదటి రైల్వే ఉద్యోగిని ఆపి అడుగుతోంది:

"బిడ్డా, మా పిల్ల మీ బండి నడుపుతది. లెక్కల పుస్తకం ఏడ దొరుకుతది?"